రంగు తేలిన పిల్ల

"కొంచెం తెల్లగా చెయ్యి బాబూ" అంది మా అక్క.

ఫ్లెక్సీ కుర్రాడు తల తిప్పలేదు. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నవాడిలా మౌసు పక్కకి లాగాడు. తెర మీద మా మేనకోడలి మొహం చామనఛాయలోంచి గోధుమరంగుకీ, అక్కణ్ణుంచి మైదాపిండి రంగుకీ ఎక్కింది. "చాలాండి?" "ఇంకొంచెం." "చెంపలు కాస్త లోపలికి తియ్యమంటారా? అందరూ తీయించుకుంటన్నారండి." అక్క తియ్యమంది. చెంపలయ్యాక భుజాలు, భుజాలయ్యాక చేతులు. నడుము పక్కన రెండు వేళ్ళ మందం చెక్కేసి, ఆ ఖాళీలో గులాబీపూలు నింపాడు. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నమూనాల ఆల్బం తిరగేస్తున్నాను. పదమూడేళ్ళ పిల్ల మా వెనకే నిలబడి తనని చెక్కుతుంటే కన్నార్పకుండా చూస్తోంది.

పెనుగొండలో మాఘమాసం వచ్చిందంటే ఫ్లెక్సీ దుకాణాలకి తీరిక ఉండదు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు. మా పిల్ల కిందటేడే పెద్దమనిషి అయింది. ఈ మాఘంలో ఓణీలిద్దామనుకున్నారు. ఆరడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఫ్లెక్సీకి ఆర్డరిచ్చి, బయటికొచ్చి చెరుకురసం తాగాం. పిల్ల వద్దంది. "షుగరు మావయ్యా" అంది. పదమూడేళ్ళ పిల్ల నోట ఆ మాట వింటే అనుమానం రావాలి. నాకు నవ్వొచ్చింది.

ఫంక్షన్ నాడు ఫ్లెక్సీని వీధి మొగలో కరెంటు స్తంభానికి కట్టారు. అడుగున తాతయ్యల పేర్లు, మావయ్యల పేర్లు, నా పేరు కూడా. వచ్చినవాళ్ళు ముందు దాన్ని చూసి, తర్వాత పీట మీద కూర్చున్న పిల్లని చూసి, కూడబలుక్కున్నట్టు ఒకటే మాట. "పిల్ల రంగు తేలిందే! సన్నబడింది కూడా. ఇప్పుడు బాగుంది." అక్క మొహం వెలిగిపోయింది. హారతివేళకి పిల్ల కళ్ళు తిరిగి పక్కకి ఒరిగిపోయింది. దిష్టన్నారు. ఎర్రనీళ్ళు తిప్పి వీధిలో పారబోశారు.

మూడోనాడు తణుకు తీసుకెళ్ళాం. పిల్లల డాక్టరుగారు బొటనవేలితో కింది కనురెప్ప కిందికి లాగి చూశారు. అరచేయి తిప్పి చూశారు. గోరు నొక్కి వదిలారు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా పాలిపోయిందండీ?"

"రంగు తేలిందనుకున్నామండి" అంది అక్క.

డాక్టరుగారు ఏమీ అనలేదు. కాగితం తీసి రక్తపరీక్షలు రాశారు. సాయంత్రం రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 8.9.

ఆ వయసు ఆడపిల్లకి 12 గ్రాములకి తగ్గకూడదు. తగ్గితే రక్తహీనత. మా పిల్ల ఒక్కతే అయితే ఇది మా ఇంటి గొడవ, పదిమందికీ చెప్పాల్సిన పని లేదు. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 60.1 శాతం మందికి రక్తహీనత ఉందని తేల్చింది. ఓణీల ఫంక్షన్‌కి పదిమంది స్నేహితురాళ్ళు వరసగా నిలబడి ఫొటో దిగారనుకోండి, అందులో ఆరుగురు. అందరూ నవ్వుతూనే ఉంటారు. ఇది కంటికి కనిపించే జబ్బు కాదు. కనిపించినా మనం దానికి వేరే పేరు పెట్టుకుంటాం. తెల్లబడిందంటాం, నాజూగ్గా ఉందంటాం, బద్ధకమంటాం, చదువు మీద ధ్యాస లేదంటాం.

లెక్క సులువుగానే ఉంటుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం 13-15 ఏళ్ళ ఆడపిల్లకి రోజుకి 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అదే వయసు మగపిల్లాడికి 22 చాలు. ఎముక సాగే వయసు, దానికి తోడు నెలనెలా పోయే రక్తం. ఇంతమేర ఎక్కువ తినాల్సిన పిల్ల సరిగ్గా ఆ ఏడే పళ్ళెం పక్కకి నెట్టడం మొదలుపెడుతుంది. ఎందుకు నెడుతుందో తెలుసుకోవడానికి నేను చాలా దూరం వెళ్ళక్కర్లేకపోయింది. ఆ మాట తర్వాత చెబుతాను.

ముందు జామెట్రీ బాక్సు సంగతి. ఆస్పత్రి నుంచి వచ్చిన రాత్రి అక్క పిల్ల పుస్తకాల సంచీ బోర్లించింది. జామెట్రీ బాక్సులో కోణమాని కింద ఎనిమిది నీలం మాత్రలు బయటపడ్డాయి. ఆరో తరగతి నుంచి బడిలో వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్రలివి. ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. టీచరు ముందు నోట్లో వేసుకోవడం, అటు తిరిగి తీసేయడం. "వేసుకుంటే కడుపులో తిప్పుతుందమ్మా" అంది. నిజమే, పరగడుపున వేసుకుంటే తిప్పుతుంది. విరేచనం నల్లగా వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే పిల్లలు హడలిపోతారు. రెండో కారణం బలవంతాన రాబట్టాల్సి వచ్చింది. "లావైపోతారంట."

ఆ మాత్రలోని ఫోలిక్ యాసిడ్ కథ తెలిస్తే మనవాళ్ళెవరూ దాన్ని మురుక్కాలవలో వేయరేమో. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టింది భీమవరంలో. పెనుగొండ నుంచి బస్సెక్కితే ఒక పూట ప్రయాణం కూడా కాదు. స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ములని పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం విరిగిపోతుంది, మనిషి ఎండిపోతాడు. తర్వాత ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో కలిసి 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేయించాడు. ఆ స్ప్రూకీ, ఒక రకం రక్తహీనతకీ అదే మందైంది. భీమవరం కుర్రాడి ఇంట్లో జరిగిన చావులకి జవాబుగా పుట్టిన మందు ప్రపంచమంతా తిరిగి, పశ్చిమ గోదావరి బడికే నీలం రంగు వేసుకుని వచ్చి, కోణమాని కింద దాక్కుంది.

డెల్టాలో పుట్టి రక్తం లేదంటే వినేవాళ్ళు నమ్మరు. సార్వా, దాళ్వా రెండు పంటలు. పెనుగొండకి కూతవేటు దూరంలోనే మార్టేరు వరి పరిశోధన కేంద్రం. 1925లో పెట్టారు, వందేళ్ళు నిండాయి. స్వర్ణ (ఎంటీయూ 7029) అక్కడ పుట్టిన రకమే. ఇండియాలోనే కాదు, బంగ్లాదేశ్ దాకా పొలాలు ఆక్రమించింది. అన్నానికి లోటేంటి? అన్నానికి లోటు లేదు. లోటంతా అన్నంలోనే ఉంది.

మా చిన్నప్పుడు మామ్మ రోట్లో వడ్లు దంపించేది. ఆ బియ్యం ఎర్రటి పొరతో, కాస్త ముతగ్గా ఉండేవి. పెళ్ళిభోజనానికి మాత్రం మిల్లు బియ్యమే, మల్లెపువ్వులా ఉండాలి. ఆ మల్లెపువ్వు మోజు మన ప్రాంతానికి ఒకసారి బాగా గుణపాఠం చెప్పింది. బెరిబెరి అనే జబ్బు ఉండేది. కాళ్ళు వాచి, తిమ్మిరెక్కి, నడక పోయి, గుండె ఆగిపోయేది. జాన్ గ్రాంట్ మాల్కంసన్ అనే దొర డాక్టరు 1835లోనే మద్రాసులో దాని మీద పుస్తకం రాశాడు. ఇండియా మొత్తంలో ఆ జబ్బుకి పేరుపడ్డ చోటు ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా. మనకి దక్షిణాన ఉన్నవాళ్ళు కూడా బియ్యమే తింటారు కదా, వాళ్ళకెందుకు రాలేదు? వాళ్ళు ఉప్పుడు బియ్యం తిన్నారు. వడ్లు ఉడకబెట్టినప్పుడు పైపొరలోని బీ1 విటమిన్ గింజ లోపలికి చేరుతుంది, తర్వాత ఎంత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. మనవాళ్ళు పచ్చి వడ్లనే బియ్యం చేసి, తెల్లగా తోమించి తిన్నారు. బలమంతా తవుడుతో పోయింది.

తవుడు ఎక్కడికి పోయింది? గేదె కుడితిలోకి. గేదె నిగనిగలాడింది. ఇంటాయన కాళ్ళు వాచాయి.

ఆ బెరిబెరి మీద ఆరా తీయడానికే 1918లో కూనూరులో ఒక గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ చిన్న విభాగం పెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకి వచ్చింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. దేశానికి ఏం తినాలో చెప్పే సంస్థకి మూలం బెరిబెరి, ఆ బెరిబెరి ఎక్కువగా తగులుకున్నది తెల్లన్నం తిన్న మన కోస్తావాళ్ళకి. మనం మాత్రం ఈ చరిత్ర మర్చిపోయి ఇప్పటికీ మిల్లు దగ్గర "ఇంకో పాలిష్ పట్టండి" అంటాం. ఫ్లెక్సీ కుర్రాడితో అక్క అన్న మాటా అదే. ఇంకొంచెం.

నిజం చెప్పాలంటే మన మిల్లుల్లో ఉప్పుడు బియ్యం తయారవుతాయి. దాళ్వాలో వేసే బొండాలు రకం అందుకే. అవి లారీలెక్కి కేరళ పోతాయి.

ఇప్పుడు బెరిబెరి లేదు కానీ మోజు మాత్రం ఉంది. చౌకబియ్యంలో ప్రభుత్వం ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన గింజలు వందకి ఒకటి చొప్పున కలపడం మొదలుపెట్టింది. ఆ గింజ మిగతావాటిలా ఉండదు, కాస్త మసగ్గా ఉంటుంది. దాంతో అది ప్లాస్టిక్ బియ్యమని ఊళ్ళలో పుకారు లేచింది. మా వీధిలో ఒకావిడ చేట ముందు పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుంటూ ఆ గింజల్నే ఏరి పారేయడం నేను కళ్ళారా చూశాను. ఎంత ఓపిగ్గా ఏరిందో! అదే ఓపిక ఆమె మనవరాలి రక్తపరీక్ష మీద పెట్టి ఉంటే బాగుండేది అనుకున్నాను. ఆ మాట నాకే చెల్లుతుందని అప్పటికి తెలీదు.

డెల్టా తిండి చాలామటుకు లారీల్లో బయటికి పోతుంది. తణుకు చుట్టుపక్కల కోళ్ళఫారాల గుడ్లు బెంగాల్‌కీ, అస్సాంకీ. కొల్లేటి చేప కలకత్తాకి. భీమవరం రొయ్య అమెరికాకి. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం. ఇంట్లో మిగిలేది తెల్లన్నం, చారు, ఆవకాయ, వేపుడు. కాలవల్లో పిల్లలు గేలాలేసి పట్టే పరిగెలు, మట్టగిడసలు, ఎండబెట్టి దాచుకునే రొయ్యపొట్టు పళ్ళెంలోంచి జారిపోయాయి. వాసనంట. ముళ్ళతో సహా నమిలే చిన్నచేపలో దొరికే సున్నం, ఇనుము మళ్ళీ మందులషాపులో కొంటున్నాం.

బడి భోజనం ఇంతకంటే నయం. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. గోదారి లంకల్లో, లంకల గన్నవరంలో వచ్చినవారికి వచ్చినట్టు అన్నం పెట్టిన తల్లి (1841-1909). ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆమెని రమ్మంటే వెళ్ళలేదని, ఫొటో తీయించుకోవడానికి కూడా ఒక పట్టాన ఒప్పుకోలేదని చెప్పుకుంటారు. బడి భోజనంలో వారానికి ఐదు రోజులు గుడ్డు, చెరి మూడు రోజులు చిక్కీ, రాగిజావ. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీలకీ మధ్యాహ్న భోజనం వచ్చింది, అదే ఏడు జూన్ నుంచి బడుల్లో సన్నబియ్యం. దొడ్డుబియ్యం అన్నం పారబోసే పిల్లలు సన్నబియ్యం తింటున్నారు, కాబట్టి దాన్ని తప్పుపట్టను.

కానీ గుడ్డు సంగతి చూడండి. ఓ ఉన్నత పాఠశాలలో భోజనాలవేళ వరండాలో నిలబడ్డాను. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు నలుగురు గుడ్డు పెంకు తీసి, రెండుగా విరిచి, తెల్లసొన తిని, పచ్చసొన గుండ్రంగా గోళీలా ఊడబీకి పళ్ళెం అంచున పెట్టారు. "అదెందుకమ్మా వదిలేశారు?" "కొవ్వు అండి." చివరికి ఆ నాలుగు గోళీలూ బడి వెనక కుక్కకి వెళ్ళాయి. విటమిన్లూ, గుడ్డులో ఉండే ఆ కాస్త ఇనుమూ దాదాపు అంతా ఆ పచ్చసొనలోనే. తవుడు గేదెకి, పచ్చసొన కుక్కకి. తెల్లగా ఉన్న భాగమే మనకి.

ఇక నా మాట. రెండేళ్ళ కిందట సంక్రాంతికి పిల్లలందరూ వచ్చినప్పుడు, గుమ్మంలోకి వస్తున్న మేనకోడల్ని చూసి "వచ్చిందండీ మా బొండాం!" అన్నాను. అందరూ నవ్వారు. అదీ నవ్వింది. గోదారోళ్ళ ముద్దుమాట, కొబ్బరిబొండాం తీపి కదా అని నా సమర్థింపు. ఆ పండక్కి మూడు రోజులూ నేను అదే పేరుతో పిలిచాను. డాక్టరుగారు ఒక్కర్తినే కూర్చోబెట్టి మాట్లాడినప్పుడు పిల్ల చెప్పిన మొదటి మాట అదేనట. ఏడాదిలో ఆరు కిలోలు తగ్గింది. తగ్గకముందు కూడా ఆ పిల్ల లావు కాదు. డాక్టరుగారు ఎత్తూ బరువూ పటం మీద గీసి చూపించారు, మామూలు గీతల మధ్యే ఉంది. లావుగా ఉన్నది నా నోరు.

డెల్టాలో పిల్లల ఒంటి మీద అందరికీ హక్కుంది. ఎనిమిదేళ్ళ దాకా బొద్దుగా ఉంటే ముద్దు. "తిను నాన్నా, చిక్కిపోయావ్" అంటూ వెంటపడి ముద్దలు పెడతాం. నరసాపురంలో 2022 సంక్రాంతికి కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన ఇల్లు టీవీలన్నిట్లో వచ్చింది. మనకి ప్రేమ అంటే అదే కొలత. పన్నెండో ఏడు రాగానే అదే ఒళ్ళు తప్పైపోతుంది. డ్రమ్ము, గుమ్మడికాయ, బస్తా. సన్నగా ఉంటే పుల్ల, అగ్గిపుల్ల, ఎముకల గూడు. నల్లగా ఉంటే చెప్పక్కర్లేదు. "మొహం కళగానే ఉంది గానీ..." ఆ "గానీ" దగ్గర ఆడపిల్ల గుండె ఆగిపోతుంది. ఇన్ని పేర్లు పెట్టి, రోజూ మాట్లాడి, పిల్లలకి ఒంటి మీద ధ్యాస ఎందుకంటాం.

పెనుగొండలో నిలబడి ఇంకో సంగతి తలచుకోకుండా ఉండలేను. ఈ ఊరు వాసవీ కన్యకాపరమేశ్వరి ఊరు. 90 అడుగుల పంచలోహ విగ్రహాన్ని చూడటానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. కథ అందరికీ తెలిసిందే. రాజు విష్ణువర్ధనుడు కుసుమశ్రేష్ఠి కూతురు అందం చూసి మోహించాడు. వద్దన్నా వినలేదు. ఆ పిల్ల, ఆమె వెంట 102 గోత్రాలవాళ్ళు అగ్నిప్రవేశం చేశారు. భక్తులు దాన్ని ఆత్మగౌరవం కథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో ఎదిగే పిల్ల ఒంటి మీద పడ్డ చూపు కనిపిస్తుంది. రాజు ఒక్కడి చూపు. ఇప్పటి పిల్ల మీద పడే చూపులకి లెక్క లేదు. ఒక రీల్‌కి వచ్చే లైకులు చూసుకోండి.

ఫోను మీద నెపం వేసి పెద్దవాళ్ళం తప్పుకోవడం నాకిష్టం లేదు కానీ, ఫోను పాత్ర చిన్నది కాదు. ఫిజీ దీవుల కథ చెబుతాను. అక్కడా మన తెలుగువాళ్ళున్నారు, చెరకు తోటలకి కూలికి వెళ్ళినవాళ్ళు. ఈ కథ మాత్రం అక్కడి ఆదివాసుల పిల్లలది. వాళ్ళకీ మనలాగే పుష్టిగా ఉన్న ఒళ్ళే అందం, సన్నబడితే ఇంట్లో కంగారు. 1995లో నద్రోగా ప్రాంతానికి టీవీ వచ్చింది. హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, మూడేళ్ళకి మరోసారి బడి ఆడపిల్లలని అడిగింది. తిండి విషయంలో ఆందోళన కలిగించే ధోరణి 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగింది. సన్నబడటానికి తిన్నది కక్కేసేవాళ్ళు మొదట ఒక్కరూ లేరు, మూడేళ్ళకి 11.3 శాతం. పుష్టిని మెచ్చుకునే సంస్కృతి ఎంత పాతదైనా దాన్ని కదిలించడానికి ఒక పెట్టె, మూడేళ్ళు చాలాయి. మన పిల్లల జేబులో ఆ పెట్టె ఎన్నేళ్ళ నుంచి ఉంది? ఇన్‌స్టాగ్రామ్ వల్ల ప్రతి ముగ్గురు ఆడపిల్లల్లో ఒకరికి తన ఒంటి మీద చిన్నచూపు మరింత పెరుగుతోందని ఆ కంపెనీ సొంత పరిశీలనలోనే తేలిన సంగతి 2021లో బయటపడింది.

మా పిల్ల చూసేది వాళ్ళమ్మ ఫోనులో. "ఒక రోజులో నేనేం తింటానో చూడండి" అంటూ ఎవరో అమ్మాయి గిన్నెలో ఐదు బాదంపప్పులు, రెండు కీరా ముక్కలు చూపిస్తుంది. మా పిల్ల వాటిని వంటపట్టించుకుంది, అన్నం మాత్రం వంటింట్లోనే వదిలేసింది. ఇది ముదిరితే ఎక్కడిదాకా పోతుందో 2025 మార్చిలో కేరళలో చూశాం. లావవుతానన్న భయంతో తిండి మానేసి 18 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది.

మగపిల్లల కథ వేరే రంగు. తెలుగు తెర మీద సిక్స్ ప్యాక్ అనే మాటని ఊరూరికీ చేర్చింది 2007 సంక్రాంతికి వచ్చిన దేశముదురు సినిమా. మన భీమవరం సునీల్ కూడా హాస్యనటుడిగా నవ్వించినంత కాలం నవ్వించి, 2012లో పూలరంగడుకి కండలు పెంచి చొక్కా విప్పాడు. అవి పెద్దవాళ్ళ ఒళ్ళు, వాళ్ళ వృత్తి. పదో తరగతి కుర్రాడు వాటిని చూసి జిమ్‌లో చేరి, నెలకి మూడు వేలు పెట్టి ప్రోటీన్ డబ్బా కొంటే దాన్నేమనాలి? జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు ఈ పొడులు వద్దని గట్టిగా చెప్పాయి. వాటిలో కలిపే చక్కెరల సంగతీ, ఏళ్ళ తరబడి ప్రోటీన్ మోతాదు మించితే ఎముకలకీ కిడ్నీలకీ ముప్పన్న సంగతీ అందులో ఉన్నాయి. 16-18 ఏళ్ళ కుర్రాడికి రోజుకి కావాల్సింది 55 గ్రాములు. రెండు గుడ్లు, పప్పు, ఓ చేప ముక్క, పెరుగు సరిగ్గా తింటే అందులో చాలా భాగం వచ్చేస్తుంది. డబ్బా కంటే ప్రమాదం ఇంజెక్షన్లు. ఎదిగే వయసులో ఆ స్టెరాయిడ్లు ఎముకల చివర్లు ముందే మూసేస్తాయి. కండ కోసం పోయి పొడవు పోగొట్టుకుంటారు.

మొహానికి రాసే కొన్ని క్రీముల్లోనూ స్టెరాయిడే. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది, 2020లో పేరు మార్చుకుని గ్లో అయింది. మన దగ్గర రాసుకునేది అంతకంటే మొరటు సరుకు, ఆ స్టెరాయిడ్ క్రీమే. మందులషాపులో అడిగితే చిన్న ట్యూబు ఇస్తారు, వారంలో తెల్లగా చేస్తుంది. గజ్జికీ దురదకీ డాక్టరు రాయాల్సిన మందు అది. నెలలు రాస్తే చర్మం పల్చబడుతుంది, రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు, మీసాలు వస్తాయి. మానగానే మొహం మండిపోయి ఎర్రబడుతుంది, దాంతో మళ్ళీ రాస్తారు. 2018లో ఇలాంటి 14 మందులని చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం కట్టడి చేసింది. చీటీ ఎవరడుగుతున్నారు?

నిజంగా లావుగా ఉన్న పిల్లలున్నారు, ఆ మాట దాచకూడదు. 2025 సెప్టెంబరులో యునిసెఫ్ చెప్పింది: 5-19 ఏళ్ళ పిల్లల్లో ప్రపంచవ్యాప్తంగా మొట్టమొదటిసారి ఊబకాయం (9.4 శాతం) బరువు తక్కువని (9.2 శాతం) దాటేసింది. మన రాష్ట్రంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు 31.2 శాతం, అదే రాష్ట్రంలో పెద్ద ఆడవాళ్ళలో అధికబరువువాళ్ళు 36.3 శాతం. ఒకే ఇంట్లో గిడసబారిన చంటిది, రక్తం లేని అక్క, షుగరొచ్చిన అమ్మ. ముగ్గురి పళ్ళెంలోనూ అదే తెల్లన్నం. బడి గేటు దగ్గర కొట్లో వేలాడే ఐదు రూపాయల పొట్లాలు మధ్యాహ్నం గుడ్డు కంటే ముందే కడుపు నింపేస్తాయి. లావైన పిల్లాణ్ణి ఎక్కిరిస్తే తగ్గడు, తలుపేసుకుని ఇంకాస్త తింటాడు. ఇంట్లో అందరికీ ఒకటే కూర మారాలి, వాడొక్కడికి కాదు.

డాక్టరుగారు మాకిచ్చిన చీటీలో మందులు రెండే. మాత్ర రాత్రి అన్నం తిన్నాక, నిమ్మరసం నీళ్ళతో. టీ అయితే అటూ ఇటూ రెండు గంటలు ఆగాలి. నులిపురుగుల మాత్ర ఒకటి. మిగతా అంతా నోటితో చెప్పారు. పళ్ళెంలో తోటకూర, జామకాయ, పచ్చసొనతో సహా గుడ్డు, చేప. మిల్లులో ఒక్క పాలిష్. తిండి దగ్గర రహస్యం కనిపిస్తే, భోజనమయ్యాక బాత్రూములో ఎక్కువసేపు ఉంటే, నెలసరి ఆగితే, అద్దం ముందు గంటలు గడిపితే, ఫొటోల్లోకి రానంటే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు. మనసు విప్పే మనిషి దగ్గర లేకపోతే 14416కి ఫోన్ చేయమన్నారు. 2022 నుంచి నడుస్తున్న టెలీమానస్ అది, తెలుగులోనే మాట్లాడతారు. చివరగా, "ఇంట్లో ఎవ్వరూ పిల్ల ఒంటి గురించి మాట్లాడకండి. మంచిగా కూడా" అన్నారు.

ఆ ఆఖరిదే మాకు కష్టమైంది. మా అమ్మ, అంటే పిల్లకి అమ్మమ్మ, రెండు రోజులు నోరు బిగబట్టింది. మూడో రోజు పిల్ల బడి నుంచి రాగానే "చిక్కి..." అని నాలిక కరుచుకుని, "చిక్కీ తింటావేంటే?" అని సర్దేసింది. చిమ్మిలి దంచడం మాత్రం మానలేదు. నువ్వులూ బెల్లం రోట్లో వేసి, నూనె కారేదాకా దంచి, ఉండలు చేసి డబ్బాలో పెడుతుంది. పిల్ల మొదట్లో వద్దనేది. తర్వాత డబ్బాలో ఉండలు తగ్గడం కనిపించింది. ఎవరూ లెక్క అడగలేదు.

ఏప్రిల్‌లో దాళ్వా కోతలయ్యాయి. మా బావ కౌలు పొలం ధాన్యం రోడ్డు మార్జిన్లో ఆరబోశాం. అప్పటికి పిల్ల హిమోగ్లోబిన్ 10.8. ఓ సాయంత్రం సిద్ధాంతం వైపు గోదారి మీద నల్లటి మబ్బు లేచింది. పరదాలు చాల్లేదు. బావ ఇంట్లోకి పరుగెత్తి, అటక మీద చుట్టి పెట్టిన పాత ఫ్లెక్సీలన్నీ మోసుకొచ్చాడు. ఒకటి రాజకీయ నాయకుడిది, ఒకటి ఎవరిదో పెళ్ళి, మూడోది విప్పేసరికి మైదాపిండి రంగు మొహం, పక్కన గులాబీపూలు. అందరం ఒక్క క్షణం ఆగాం. పిల్ల వచ్చి ఒక కొస పట్టుకుంది, నన్ను రెండోది పట్టుకోమంది. మొహం కిందికి వచ్చేలా తిప్పి, గోధుమరంగు ధాన్యం మీద పరిచింది. చినుకులు మొదలయ్యాయి.

"మావయ్యా, ఆ చివర ఇటిక పెట్టు, ఎగిరిపోద్ది" అంది.